కరుణ ఫైళ్లలో ఎడం

ఆ ఉదయం నంద్యాలలో మా ఇంట్లో మామూలుగానే ప్రార్థన ముగిసింది. నేను టిఫినుకు బొరుగులతో ఉగ్గాని కలుపుతుంటే, కంప్యూటర్ ముందు కూర్చున్న తమ్ముడు ప్రభుదాసు చెల్లెలి మీద అరిచాడు.

"కరుణా, నేను లేనప్పుడు ఈడ ఎవుర్ని కూసోబెడ్తాండావ్?"

ఇద్దరికీ అదొక్కటే కంప్యూటర్. వాడు వెబ్ పేజీలు చేస్తాడు. కరుణ ఆళ్లగడ్డలోని ఒక కాలేజీకి ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తుంది. ప్రోగ్రాములో లోపలి వరుసలకు ముందు ఎన్ని ఖాళీలు వదలాలో, అవి టైపు చేసే ఎడిటర్‌లో ఒక్కో రకం ఫైలుకు విడిగా పెట్టుకోవచ్చట.

"నా ఫైళ్లకు నాలుగే ఉండాయి. నీ వాటికి మాత్రం ఎనిమిది పెట్టినారు. పని బయటోళ్లతో రాపిస్తాండావా ఏందీ?"

"నేనే పెట్టినా."

"ఇన్నేండ్లు లేంది ఇప్పుడెందుకు?"

ఆమె ఆ ఫైలు మూసేయబోయింది. నాకూ అనుమానం కలిగింది.

"దేవుని ముందర నిజం చెప్పు పాపా," అన్నాను.

"నాలుగైతే యా వరుస యాడ మొదలైతాందో కనపడ్డంలేదక్కా. ఎనిమిదైతే కొంచెం తెలుస్తాంది. చెప్తే ఈ పని మాన్పిస్తారని భయపడినా."

సాయంత్రం ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాం. సోమవారం కర్నూలు కంటి ఆసుపత్రికి పోవాలి. చూపు నిలిచినా నిలవకపోయినా కాలేజీ పని కరుణదే. ఆమె చెబుతుంది, ప్రభుదాసు టైపు చేస్తాడు.