ముళ్లపంది మేష్టారి ఎముకల పాఠం

అడవిలో దెబ్బలకు కట్లుకట్టే పని నేర్వాలంటే, ముందు ముళ్లపంది మేష్టారి ఎముకల పరీక్ష గట్టెక్కాలి. ఉడుత రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఇక చేర్చుకోరు. ఆ సంగతి కాకి అడవంతా చాటింది. తను మూడుసార్లూ తప్పిన సంగతి మాత్రం, పాపం, దానికి గుర్తురాలేదు.

ఉడుత జంకుతూనే మేష్టారి దగ్గరికి వెళ్లి అడిగింది. "ఎక్కడ తప్పుతున్నానండీ, మేష్టారూ?"

ఆయన ముళ్లు నిక్కాయి. "బట్టీ పట్టావు! మధ్యలో అడిగితే మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటావు. నీ ఒళ్లు తడుముకుంటూ నేర్చుకో."

పరీక్షలో మేష్టారు మధ్యలో ఉన్న నడుము ఎముక నుంచే మొదలుపెట్టారు. ఉడుత నడుము తడుముకుని టక్కున చెప్పింది. మిగిలినవీ అలాగే చెప్పింది.

"పాసయ్యావు. పో."

బయట కాకి కాచుక్కూర్చుంది. "మురిసిపోకే! వచ్చే ఏడూ నీకు ఆ ముళ్లాయనే పాఠాలు చెబుతాడట!"

"హమ్మయ్య," అంది ఉడుత.