ఏ మందు?

నా జన్మలో వాంతి అన్నది ఎరగను. రాళ్ళు తిన్నా అరిగించుకునే కడుపు నాది. కాబట్టే ఆ రోజు విషాల వార్డులో జరిగింది పూసగుచ్చినట్టు చెప్పగలుగుతున్నాను.

అక్కడికి చేర్చింది మా బావమరిదిని. మా ఇంట్లోనే తింటూ, నా బట్టలే తొడుక్కుని తిరిగే ఘనుడు. వాడి అవస్థ చెప్పాలంటే వెగటు పుడుతుంది. నోటినుంచి తీగలు తీగలుగా సొంగ. డోకు మీద డోకు. పసుపూ ఆకుపచ్చా కలిసిన జిగురు గడ్డం మీంచి జారి చొక్కా నిండా పట్టేసింది. ఆ చొక్కా కూడా నాదే. మంచం పక్కన బేసిను. దాన్లో ఉన్నది చూస్తే ఈగ కూడా ముక్కు మూసుకుని పక్క వార్డుకి పోతుంది.

మా ఆవిడ మంచం కోడు పట్టుకుని ఏడుస్తోంది. ఏమైందమ్మా అని ఎవరడిగినా ఒకటే మాట.

"మందు తాగారండీ."

కంగారులో తమ్ముడికి కూడా మర్యాద తగిలించింది.

వార్డు మనిషి ముసిముసిగా నవ్వాడు. పెరట్లో బ్రాందీ సీసా పక్కన పడి ఉన్నాడని మోసుకొచ్చినవాళ్ళు అప్పటికే చెప్పేశారు.

ఆ పూట చూడాల్సింది రుమాలు డాక్టరమ్మ. విషాల చదువులో పుస్తకాలన్నీ నమిలి మింగిన పిల్ల. ఏ విషానికి ఏ విరుగుడో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. లోపం ఒక్కటే. ఒకరి వాంతి చూస్తే తనకీ వాంతి వస్తుంది. ముక్కు మీద రుమాలు తీసిన పాపాన పోలేదు. ఆ రోజే ఆమె శిక్షణకు ఆఖరి పరీక్ష. వెనకాల పెద్ద డాక్టరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ఈ రోగిని సరిగ్గా చూస్తే పట్టా. లేదంటే మళ్ళీ ఏడాదిపాటు ఈ బేసిన్ల మధ్యే కాపురం.

"తాగుబోతు కేసు మేడమ్. సెలైను పెడితే సాయంత్రానికి దిగిపోతుంది," అంది రుమాల్లోంచి, మంచానికి ఆమడ దూరంలో నిలబడి.

"ఏ మందు?" అంది పెద్దావిడ.

"మందే మేడమ్."

"మనం ఇచ్చేదీ మందే. సీసాలో తాగేదీ మందే. పురుగుల్ని చంపేదీ మందే. ముందు మందేదో తెలుసుకో, తరవాత మందెయ్యి. పుస్తకానికి వాసనుండదమ్మాయ్. బేసినుకుంటుంది."

చిన్న డాక్టరమ్మ బేసిను వైపు చూసింది. వార్డంతా ఆమె వైపు చూసింది. బావమరిది మాత్రం ఎవరినీ చూసే స్థితిలో లేడు. వాడి ఊపిరి బురదలో దిగబడ్డ కాలు పీకినట్టు చప్పుడు చేస్తోంది. ఆ సమయంలో నోరు తుప్పు పట్టిన తాళం చప్పరించినట్టు ఉంటుంది. కళ్ళకేమో పొగమంచు. నాకెలా తెలుసంటారా, ఆ మాత్రం ఊహించలేనా.

ఆమె రుమాలు తీసేసింది. వంగి, బేసిను మీద ముక్కు పెట్టి గుండెల నిండా పీల్చింది. డోకొచ్చింది. మింగేసింది. మళ్ళీ పీల్చింది. ఆ తెల్ల రుమాలుతోనే బావమరిది సొంగ తుడిచి, రెప్పలు విడదీసి టార్చి వేసింది.

"బ్రాందీ వాసనే లేదు మేడమ్. వెల్లుల్లీ కిరసనాయిలూ కలిసిన కంపు. కంటిపాపలు గసగసాలంతైపోయాయి. ఇది తాగే మందు కాదు, మొక్కలకు కొట్టే మందు."

మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. గులాబీలకు కొట్టగా మిగిలిన మందుని ఖాళీ బ్రాందీ సీసాలో పోసి పెరటి షెడ్డులో పెట్టింది ఎవరనుకున్నారు? ఆ మహానుభావుడే. ఆ సంగతి మరిచిపోయి, భలే దొరికిందని గుటక వేసిందీ ఆ మహానుభావుడే.

"ఇంకా చూస్తావేం? ఇప్పుడెయ్యి మందు," అంది పెద్దావిడ.

ఆ తర్వాత బట్టలు కత్తిరించి పారేశారు. ఒళ్ళంతా సబ్బుతో తోమారు. సూది మీద సూది. ముక్కులోంచి గొట్టం. అది గొంతులో పాకుతుంటే బతికున్న జెర్రిని మింగినట్టే. మొత్తానికి సొంగ ఆగి నోరు ఎండింది, ఊపిరి తేరుకుంది, మనిషి దక్కాడు. చిన్న డాక్టరమ్మ అప్పుడు వరండాలోకి పరిగెత్తి, పొద్దుటినుంచి తిన్నదంతా కక్కేసింది. నుదురు పట్టుకున్నది పెద్దావిడే. కక్కుతుండగానే చెప్పిందట, పట్టా ఇస్తున్నానని.

కోతలరాయుడినని నా మాట మీరు నమ్మరు గానీ, బేసిను నిజం, రుమాలు నిజం, ఆ కంపు ఇవాళ్టికీ నా ముక్కుని వదల్లేదు. నేను కోసిన కోత ఒక్కటే.

మా ఆవిడకు తోడబుట్టినవాళ్ళెవరూ లేరు.