పచ్చ లైటు పడ్డాకే

“కారు కెమెరాలో రికార్డింగు చెరిగిపోయింది అత్తయ్యా. మెమరీ నిండితే పాతవి వాటంతటవే పోతాయి,” అన్నాడు గిథే. మూడు రోజుల్లో ఈ అబద్ధం ఆడడం నాలుగోసారి.

మెడకి పట్టీతో కూర్చున్న అత్తగారు సున్‌బొక్ నిట్టూర్చింది. “అయితే నన్ను గుద్దిన ఆ ట్రక్కువాడి మాటే నెగ్గుతుందన్నమాట. ఎర్ర లైటులో దూసుకెళ్ళింది నేనేనట! ముప్పై ఏళ్ళుగా ఈ గున్సాన్ బజారులో కిమ్చీ పచ్చడి అమ్ముతున్నాను, ఒక్కనాడు ఎర్ర లైటు దాటి ఎరగను.”

తప్పు ఆమెదని తేలితే ఆమె చిన్న కారు ఇక ఆమెకు దక్కదు. డెబ్బై రెండేళ్ళొచ్చాయి, తాళం చెవి ఇచ్చెయ్యమని పిల్లలంతా ఒక్క మాట మీదున్నారు. కారు లేకపోతే క్యాబేజీలు మోసేదెవరు? కొట్టు మూసుకోవలసిందే.

“అసలు తప్పంతా నీది!” గిథే మీద విరుచుకుపడింది భార్య మిరాన్. “మిగిలిన క్యాబేజీలు వేసుకుని అమ్మ వెనకాలే వస్తున్నావు. దడేలుమన్న చప్పుడు ఫోన్లో నాక్కూడా వినబడింది. అల్లుడి సాక్ష్యం చెల్లదంటున్నారు, కెమెరా చూస్తే అలా ఏడిచింది. అగ్గిపెట్టంత కారుకి అంత కెమెరా ఎందుకని మొత్తుకున్నాను, విన్నావా?”

నిజమే. ముందుకొకటి, వెనక్కొకటి, చీకట్లో కూడా నంబరు ప్లేటు చదవొచ్చని కొట్టువాడు ఊదరగొడితే గిథే ఖరీదైనదే కొన్నాడు. “కొన్నావు సరే, సౌండు మాత్రం ఆపెయ్. కార్లో మన గోలంతా ఎవరు వింటారో ఏమో,” అంది మిరాన్ ఆ రోజే. “ఆపేశాలే,” అన్నాడు. ఎలా ఆపాలో అతనికి తెలియలేదు, అడగడానికి నామోషీ అడ్డొచ్చింది.

రికార్డింగు ఎక్కడికీ పోలేదు. దాని మీద కొత్తవి పడకుండా మూడు రోజులుగా కారు తియ్యకుండా బస్సులో తిరుగుతున్నాడు.

ఆ సాయంత్రం ఒంటరిగా కార్లో కూర్చుని మళ్ళీ పెట్టుకున్నాడు. తెర మీద పచ్చ లైటు పడింది. అత్తగారి కారు నెమ్మదిగా కదిలింది. సరిగ్గా అప్పుడే ఆ మాటలు.

“ఎక్కడో ఓసారి గుద్దుకుంటే గానీ ఈవిడ తాళం ఇవ్వదు. గుద్దుకున్నా బావుండును, పీడా పోతుంది.”

వెంటనే దడేలుమని చప్పుడు. గిథే తెర ఆపేశాడు.

కెమెరా కొట్టుకి ఫోన్ చేశాడు. “సౌండు తీసేస్తే కుదరదా?”

“తీస్తే ఏదో మార్చారంటాడు అవతలివాడు. ఉన్నదున్నట్టు ఇస్తేనే నమ్ముతారండీ.”

మర్నాడు పొద్దున అత్తగారు తాళం చెవి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. “తీసుకోండర్రా. నా మాట నమ్మేవాళ్ళు లేనప్పుడు ఎవరితో పోట్లాడను?” అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గిథే ఇక తట్టుకోలేకపోయాడు. “అత్తయ్యా, ఒకసారి కార్లోకి రండి. మీరొక్కరే.”

లైటు చూడగానే ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ తరవాత మాటలు వినబడ్డాయి. చప్పట్లు ఆగిపోయాయి.

“సౌండు ఆపి ఉండాల్సింది. క్షమించండి అత్తయ్యా,” అని తల వంచాడు.

ఆమె కిటికీ అద్దం వైపు తిరిగింది. “ఇన్సూరెన్సు వాళ్ళు వింటే విన్నారు. ఇంట్లో ఇంకెవరూ వినక్కర్లేదు,” అంది.

గుమ్మంలోనే మిరాన్ ఎదురొచ్చింది. “ఏమైందమ్మా?”

“రికార్డింగు దొరికిందే. పచ్చ లైటు పడ్డాకే కదిలాను, స్పష్టంగా కనబడుతోంది. దాంతోపాటు నీ మొగుడి నోరు కూడా దొరికింది. బయల్దేరిన దగ్గర్నుంచీ నన్ను తిట్టడమే! నా కిమ్చీని కూడా వదల్లేదు.”

“అందుకా దాచావు!” మిరాన్ భర్త వైపు తిరిగింది. “సౌండు ఆపానని నాతో అబద్ధం కూడానా? ఆపకపోవడమే మంచిదైంది, నీ బండారం బయటపడింది. కన్నతల్లి లాంటి మనిషిని అనడానికి నీకు నోరెలా వచ్చింది?”

గిథే వంగి బూట్లు విప్పుకున్నాడు.

“పోనీలేవే. ఏదో విసుగులో అన్న మాట,” అంటూ అత్తగారు లోపలికెళ్ళి బల్ల మీది తాళం చెవి తీసి జేబులో వేసుకుంది.

రికార్డింగులో ఫోన్ స్పీకర్లోంచి వినబడిన ఆ గొంతు మిరాన్‌ది.