మిషన్ కాలికి ఎర్ర దారం

స్విచ్ వెయ్యగానే ఫ్లెక్సీ మిషన్ మేలుకుంది. లోపలి సిరాపెట్టె జానెడు దూరం జరిగి, టక్కున కొట్టుకుని ఆగిపోయింది.

ఎర్రలైటు వెలిగింది.

హిలారియా ఆపి మళ్ళీ వేసింది. మళ్ళీ జానెడు, మళ్ళీ టక్కు.

"మంగళవారం దాకా నిక్షేపంలా ఉందిగా" అని తల పట్టుకుంది.

ఒరూరో పట్నంలో ఆమె కొట్టు పెట్టి ఏడాది కాలేదు. మిషన్ సెకండ్‌హ్యాండ్‌ది. కార్నివాల్ పండగ మంగళవారం ఊళ్ళో అందరూ కొట్లకూ బండ్లకూ చేసినట్టే, తనూ దానికి పూజ చేసింది. నాలుగు మూలలా బీరు చిలకరించింది. మిషన్ కాలికి ఎవరో ఎప్పుడో కట్టిన మాసిపోయిన ఎర్ర ఊలు దారం కత్తిరించి పారేసి, కొత్త కాగితపు రిబ్బన్లు చుట్టింది. మొదటి పూజలో లోటు జరగకూడదని మూత ఎత్తి, లోపల కూడా బీరు చల్లి, గుప్పెడు రంగుకాగితం ముక్కలు పోసింది. అంత భక్తి మరి.

మళ్ళీ కొట్టు తెరవడం ఈ శనివారమే.

"మధ్యాహ్నానికి ఫ్లెక్సీ కట్టాలమ్మా" అంది బల్ల మీద కూర్చున్న పెద్దావిడ దోన్యా బెనీటా.

ఆమె మనవరాలికి గుండె ఆపరేషన్. అందుకోసం పేటవాళ్ళంతా కలిసి కెర్మెస్ పెట్టారు. వంటలు చేసి అమ్మి, వచ్చింది ఆస్పత్రికి కడతారు. పొద్దున్నుంచీ కొండల్లో పెంచే లామాల ఎండుమాంసం వేగుతోంది.

"పిల్ల బొమ్మ కనపడకపోతే, ఎవరో కూడు అమ్ముకుంటున్నారనుకుని ఆగకుండా పోతారు" అంది.

హిలారియా మెకానిక్‌కి ఫోన్ చేసింది. అవతల బ్యాండు మోగుతోంది.

"లోపలి సర్క్యూట్ బోర్డు పోయుంటుంది. నాకు కార్నివాల్ మత్తు దిగాక వస్తా."

"ఎప్పుడు దిగుతుంది?"

"అది నా చేతిలో ఉందా?" అని పెట్టేశాడు.

మిగతా ఫ్లెక్సీ కొట్లన్నీ మూసే ఉన్నాయి.

గుమ్మంలో నీడ పడింది. టోపీ, భుజాన సంచీ, పాత కోటు. హిలారియా గుర్తుపట్టింది. మంగళవారం పూజప్పుడు కూడా అక్కడే నిలబడి చూస్తుంటే తరిమేసింది.

"ఆ రోజు బీరు కోసం వచ్చావు. ఇవాళ అదీ లేదు. వెళ్ళు పెద్దాయనా."

"బీరు వద్దులే తల్లీ. ఇంకొక్కసారి స్విచ్ వెయ్యి."

"వేస్తే?"

"వింటాను."

"డాక్టరుగారు వచ్చారండీ" అని వెటకారం చేసింది గానీ, వేసింది.

ముసలాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"బోర్డు కాదు. ఆపేసి మూత తియ్యి."

"ఇంకా పాడైతే?"

"ఇప్పుడేం బాగుందని పాడవడానికి? తియ్యమ్మా" అంది బెనీటా.

లోపల ఈ చివర నుంచి ఆ చివరకి సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఉంది. ఎదురుగా వెలుగుంటే తప్ప కనపడదు.

"దీని మీద గీతలుంటాయి. వాటిని చూసుకుంటూనే సిరాపెట్టె నడుస్తుంది. గీత కనపడకపోతే ఎక్కడున్నానో తెలియక ఆగిపోతుంది" అన్నాడు.

పట్టీకి ఒక గులాబిరంగు కాగితం ముక్క అంటుకుని ఉంది. బీరు జిగురుతో బాగా పట్టేసింది.

కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ కొస తడిపి, పసిపిల్ల కన్ను తుడిచినట్టు తుడిచాడు. ఆ తర్వాత అక్కడక్కడా పడ్డ ముక్కలన్నీ ఏరాడు.

"నా పూజే దీని ప్రాణం మీదకి తెచ్చిందా?" అంది హిలారియా.

"మొదటి యేడు అందరూ ఇంతే. వచ్చే యేడు బీరు నేలకి పొయ్యి. దీనికి తాగించకు."

స్విచ్ వేసింది. సిరాపెట్టె జానెడు దాటింది, ఆ చివరిదాకా పోయింది, తిరిగొచ్చి తన గూట్లో కూర్చుంది. పచ్చలైటు వెలిగింది.

కాసేపటికి పిల్ల జుట్టు వచ్చింది. నుదురు వచ్చింది. కళ్ళు వచ్చాయి.

బెనీటా ముసలాయన చేతులు పట్టుకుంది. "నీ చెయ్యి చల్లగుండ. మా దగ్గర భోంచేసి వెళ్ళు నాయనా."

"బస్సుంది తల్లీ. నా పళ్ళెం నీ మనవరాలికి పెట్టు."

"నేనేమివ్వను?" అడిగింది హిలారియా.

ఆయన మూలనున్న చెత్తబుట్ట వైపు వంగాడు.

"ఈ దారం తీసుకోనా?"

"చెత్తలోదా? అంతేనా?"

"అంతే."

మాసిన ఊలు దారం రుమాల్లో మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బెనీటా ఫ్లెక్సీ చంకన పెట్టుకుని పరుగు తీశాక, హిలారియాకి కళ్ళు చెమర్చాయి. తను తరిమిన మనిషే వచ్చి తన మాట నిలబెట్టాడు. పేరైనా అడగలేదు. మిగిలిన ఒక్క బీరు సీసా పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది.

పక్కన బండి పెట్టుకున్న రుపెర్తా వేడివేడి మొక్కజొన్న జావ గ్లాసుల్లో పోస్తోంది.

"అక్కా, ఆ టోపీ పెద్దాయన ఎటు పోయాడు?"

"దోన్ కసియానోనా? బస్సెక్కేశాడు. పొటోసిలో చెల్లెలి దగ్గరుంటాడట. ఇక రాడు."

"నీకు తెలుసా ఆయన?"

"తెలియకేం. నువ్వు షట్టర్ ఎత్తే వేళకి రోజూ ఇక్కడే, నీ కంటపడకుండా ఓ పక్కన నిలబడి జావ తాగేవాడు. లోపల మిషన్ మోగాక గానీ గ్లాసు కింద పెట్టేవాడు కాదు."

"మిషన్‌తో ఆయనకేం పని?"

రుపెర్తా గరిటె ఆపింది.

"పేటలో ఎవరి కెర్మెస్‌కైనా ఆ మిషన్ మీద ఊరికే ఫ్లెక్సీ వేసిచ్చిన మనిషి, తన భార్యకి జబ్బు చేస్తే ఎవరినీ అడగలేక, ఆవిడ చేత్తో ఎర్ర దారం కట్టించుకున్న ఆ మిషన్నే అమ్ముకున్నాడే."