ఉబ్బిన డబ్బా

"ముక్కు మూసుకోకమ్మాయ్! వాసన పీలిస్తేనే రుచి తెలిసేది," అన్నాడు కాబోయే మామగారు ఎవర్ట్, ఉబ్బిన రేకు డబ్బాను బకెట్ నీళ్ళలో ముంచి కత్తితో పొడుస్తూ.

బుస్సుమంది. పులిసిన హెర్రింగ్ చేపల వాసన పెరడంతా కమ్మేసింది. మాలిన్ మొహం పక్కకి తిప్పుకుంది. స్టాక్‌హోమ్‌లో పుట్టి పెరిగిన పిల్ల. టూరేని పెళ్ళాడబోతూ ఈ ఉత్తర తీరానికి, కాబోయే అత్తమామల ఇంటికి మొదటిసారి వచ్చింది.

"పడకపోతే చెప్పమ్మా, మాంసం ఉండలు వేయించేస్తాను," అంది అత్తగారు రాగ్న్‌హిల్డ్.

"మాంసం ఉండలా! ఈ డబ్బాలు తెరిచే ఆగస్టులో వచ్చిన కోడలు ఇది తినలేదంటే ఊళ్ళో నవ్వరూ?" కసిరాడు ఎవర్ట్.

టూరే బల్ల కింద మాలిన్ చెయ్యి నొక్కాడు. "ఒక్క ముక్క. నా కోసం."

పల్చటి రొట్టె మీద ఉడికిన బంగాళాదుంప, ఉల్లిపాయ, పుల్లటి మీగడ, వాటి నడుమ బూడిదరంగు చేపముక్క. మడిచి కొరికింది. ముగ్గురూ ఆమె నోటినే చూస్తున్నారు.

"ఎలా ఉంది?"

కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తల ఊపింది. ముద్ద మాత్రం గొంతు దిగనంటోంది. ఉమ్మేస్తే పరువు పోతుంది, మింగితే ప్రాణం పోయేలా ఉంది. అంతలో ఎవర్ట్ సారా సీసా తెస్తానంటూ లేచి వెళ్ళాడు. ఇదే అదను. చేతులు కడుక్కోవాలన్నట్టు సైగ చేసి మాలిన్ పడవల కొట్టం వెనక్కి పరుగెత్తింది.

అక్కడ ఎవర్ట్ గోడకి చెయ్యి ఆనించి, వంగి, ఉమ్ముతున్నాడు.

మాలిన్ ఆగలేకపోయింది. అతని పక్కనే తనూ ఉమ్మేసింది.

"ష్! అరవకు తల్లీ," అన్నాడతను మూతి తుడుచుకుంటూ. "పెళ్ళయినప్పట్నించీ ఇదే తంతు నాకు. మా మామగారు ఈ చేపలు పులియబెట్టే బతికారు. నాకు పడదని తెలిస్తే రాగ్న్‌హిల్డ్ మనసు విరిగిపోతుంది. ఇందాక నిన్ను కసిరింది కూడా ఆవిడ వినాలనే. చెప్పవు కదూ?"

"చెప్పను. మీరూ చెప్పకండి."

వెనక గడ్డిలో అలికిడయింది. ఇద్దరూ బిగుసుకుపోయారు.

రాగ్న్‌హిల్డ్! ఏప్రన్ మడతలో దాచుకొచ్చిన తన చేపరొట్టెను అవతలికి విసిరేయబోతూ చెయ్యి ఎత్తినదల్లా అలాగే ఆగిపోయింది. మొగుడి మూతి వైపు చూసింది. నేల వైపు చూసింది.

"నీకు ప్రాణమని కదయ్యా, ఏటా ఈ దరిద్రాన్ని ఇంటికి తెస్తున్నాను!"