నాయన రంపం

“కోసే మాను కిర్రుమంటే రంపం వదిలేసి ఉరకమని నీకు ఎన్నిసార్లు చెప్పినాను?” నాగులమ్మ మొగుడు వెంకటముని మీద విరుచుకుపడింది.

ఆమే మళ్లీ అంది: “అవతలి పిడి పట్టిన నేను ఉరికినాను గదా. నువ్వెందుకు మళ్లీ దానికోసం పోయినావు? మీ నాయన రంపమంట. ఈ యుద్ధంలో ఇట్లాంటి ఉక్కు యాడా దొరకదంట.”

వెంకటముని పలకలేదు. కూలిన చింతమాను పక్కనే రంపం పడి ఉంది. దానికి ఒక్క పన్ను కూడా విరగలేదు.

“చితికి ఏ చెట్టు కొట్టేది వదినా?” మరిది మెల్లగా అడిగాడు.

“ఆయన మీద పడిన ఈ మానే కొట్టు.”

“పచ్చిది. అంటుకోదు.”

“రంపం పిడులు పెరికి అడుగున పెట్టు,” అంది నాగులమ్మ. “అవి మీ నాయన కాలం నుంచి ఎండినవే గదా.”