తాడుకి ఇటువైపు

మా ఆయన తాడుకి రాయి కట్టి, పిట్టగోడ మీదనుంచి ఇంటి ముందుగోడకి సరిగ్గా మధ్యలో వేలాడదీశారు. ఇటు మా వాటా, అటు మరిది వాటా. ఇటువైపు పాచి మీద మాత్రమే బ్లీచింగు నీళ్ళు చల్లి, నాననిచ్చి, బ్రష్షుతో తోమడం మొదలుపెట్టారు. అటు ఒక్క చుక్క పడితే ఆస్తి కరిగిపోతుందన్నంత జాగ్రత్త.

"గోడంతా తోమెయ్యొచ్చు కదండీ," అన్నాను.

"వాడి మురికి నేనెందుకు కడగాలి? ఎవరెలాంటివాళ్ళో వీధి చూడనీ."

ఈ వీధిలో ఏ అన్నదమ్ములు తగువులాడుకున్నా మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చునే పెద్దమనిషి ఈయనే. "మమ్మల్ని చూడండి, ఇప్పటికీ ఒకే పొయ్యి," అంటారు. మా ఇంట్లో పొయ్యిలు రెండై, మాటలు మానేసి ఏడాది దాటింది. ఆ సంగతి బయటికి పొక్కకుండా చూడడంలో మాత్రం అన్నదమ్ములిద్దరూ ఒక్కటే.

సాయంత్రానికి మా సగం తెల్లగా మెరిసింది. మరిది సగం పచ్చగా, నల్లగా అలాగే ఉంది. మధ్యలో కత్తితో కోసినట్టు గీత.

ఈయన నడుం మీద చేతులు పెట్టుకుని మురిసిపోతుంటే, మొన్ననే ఈయన చేత నీతులు చెప్పించుకున్న ఎదురింటాయన గేటు దగ్గర ఆగాడు. గోడని పైనుంచి కిందికి చూశాడు.

"ఎప్పుడు పంచుకున్నారండీ?" అన్నాడు తాపీగా.

"అబ్బే, ఇవాళ సగం, రేపు సగం," అంటూ మా పెద్దమనిషి నీళ్ళు నమిలారు.

తెల్లారేసరికి నిచ్చెన తాడుకి అటువైపు వెలిసింది. మరిది కిటికీ తెరిచి, ఏడాది తర్వాత మొదటిసారి అన్నగారిని పలకరించాడు.

"అన్నయ్యా, ఈ కిటికీ కింద ఇంకొంచెం తోము."